సాలూరు సీమలో మేకల నట్టల వైద్యం

తూర్పు కనుమల అంచున, వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు పట్టణానికి చరిత్రలో రెండు గుర్తింపులున్నాయి. జయపురం సంస్థానానికీ మైదానానికీ నడుమ సాగిన సరుకుల రాకపోకలకు అది ద్వారంగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో లారీల ఊరుగా పేరుపడింది. కొండలమీద పెరిగిన మేకలు సంతలకు దిగివచ్చిన దారి కూడా ఇదే. అయినా మేకల రోగాలను గురించి, అందులోనూ వాటి కడుపులో పెరిగే నట్టలను గురించి రాయవలసిన అవసరం పాత జిల్లా గ్రంథాలు రాసినవారికి కలగలేదు. భూమి శిస్తు, జమీందారీ వారసత్వాలు, ఏజెన్సీ తిరుగుబాట్లు వారి దృష్టిని పట్టుకున్నంతగా మేక కడుపు పట్టుకోలేదు. ఇటీవలి కాలంలో మందులకు లొంగని నట్టల సమస్య ముందుకొచ్చి, ప్రత్యామ్నాయ చికిత్సలు కావాలన్న మాట బలపడిన తర్వాతనే ఈ మరుగున పడిన చరిత్రకు కొంత విలువ ఏర్పడింది. నిజానికి ఇక్కడ ప్రత్యామ్నాయం అనిపించుకుంటున్న పద్ధతుల్లో చాలా భాగం సీసా మందు కంటే పాతవే. అయితే పాతవన్న కారణంతో వాటికి లేని శక్తిని ఆపాదించటం కూడా చరిత్రకు న్యాయం చేయటం కాదు.

ఈ ప్రాంతపు రికార్డులు వెదికేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. బ్రిటిషు కాలంలో విశాఖపట్నం జిల్లాలో ఉన్న సాలూరు 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకీ, 1979లో విజయనగరం జిల్లాలోకీ, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకీ మారింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పైన ఉన్న కోరాపుట్, పొట్టంగి ప్రాంతాలు వేరే పాలన కిందికి పోయాయి. మేకల మందలకు, వాటి కడుపులో ఉన్నవాటికి మాత్రం ఈ సరిహద్దులు ఏనాడూ పట్టలేదు.

నట్టలు అన్న మాట పశుపోషకుల వాడుకలో కడుపులో ఉండే పురుగులన్నిటికీ చెల్లుతుంది. శాస్త్రం వాటిని మూడు తెగలుగా విడదీస్తుంది. కార్జాన్నీ పొట్టనూ పట్టే జలగలు చెరువు గట్ల దగ్గరి నత్తల ద్వారా వస్తాయి. పేగుల్లో ఉండే బద్దె పురుగులు తెగి, బియ్యపు గింజల్లాంటి ముక్కలుగా పెంటికల్లో పడతాయి కనుక కంటికి కనబడతాయి. మూడో తెగ గుండ్రటి పురుగులు, అంటే దారంలాగా సన్నగా ఉండేవి. వీటిలో అత్యంత ప్రమాదకరమైనది హీమాంకస్ కాంటార్టస్. నెమరువేసే జీవానికి పొట్టలో నాలుగు అరలుంటాయి. ఈ పురుగు నాలుగో అరలో చేరి లోపలి పొరను గీరి రక్తం తాగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండే ఆడ పురుగులో రక్తం నిండిన ఎర్రని పేగు చుట్టూ తెల్లని గర్భనాళం మెలి తిరిగి ఉంటుంది. ఒక్కొక్క పురుగు రోజుకు 0.05 మిల్లీలీటరు చొప్పున రక్తాన్ని పోగొడుతుందన్న అంచనా ప్రకారం వెయ్యి పురుగులున్న మేక రోజుకు 50 మిల్లీలీటర్ల రక్తం కోల్పోతుంది. 20 కిలోల మేక ఒంట్లో మొత్తం రక్తమే లీటరున్నరకు లోపు. కనురెప్ప లోపలి భాగం పాలిపోవటం, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడటం, మంద వెంట నడవలేక వెనకబడటం, ఆపైన చావు, ఇదీ వరుస. చాలాసార్లు ఈ రోగంలో పారుడు కూడా ఉండదు కాబట్టి కాపరికి కడుపు మీద అనుమానం రాదు.

ఆడ పురుగు రోజుకు ఐదు వేల నుంచి పది వేల వరకు గుడ్లు పెడుతుంది. పెంటికలతో బయటపడ్డ గుడ్లు వేడి, తేమ కలిసిన వాతావరణంలో పొదిగి, దాదాపు వారంలో రోగం కలిగించే దశకు చేరిన పిల్ల పురుగులవుతాయి; అవి గడ్డి పరక మీది తడి వెంబడి కొద్ది అంగుళాల ఎత్తుకు పాకి, మేత మేసే జీవం నోట పడటానికి కాచుకుంటాయి. లోపలికి వెళ్ళిన మూడు వారాలకు అవి మళ్ళీ గుడ్లు పెట్టే స్థితికి వస్తాయి. సాలూరు సీమలో జూన్ నుంచి నవంబరు దాకా గెడ్డల (వాగుల) పక్క భూముల్లో తడి ఆరదు కనుక, ఒక వర్షాకాలంలోనే ఈ చక్రం అనేకసార్లు తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు నేల మీది పిల్ల పురుగులు చాలామటుకు చచ్చిపోతాయి. ఈ రుతుభేదం మున్ముందు మందుల కథలో పెద్ద మలుపుకు కారణమైంది.

మేకకు ఈ పురుగు నుంచి దక్కిన మొదటి రక్షణ ఏ మందూ కాదు, అది మేసే తీరు. గొర్రె నేలను అంటుకుని గడ్డి కొరుకుతుంది; మేక ముందుకాళ్ళు కొమ్మకు ఆనించి, వెనకకాళ్ళ మీద లేచి చిగుళ్ళు తెంపుతుంది. తల ఎత్తు మేతలో పిల్ల పురుగులు ఉండవు. తరతరాలుగా ఆకు మేత మీద బతికిన జాతి కావటం వల్ల నట్టలను తట్టుకునే రోగనిరోధక శక్తి గొర్రెలో బలపడినంతగా మేకలో బలపడలేదని పరాన్నజీవి శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే పొద ఉన్నంతకాలం మేకకు ఇబ్బంది తక్కువ, పొద పోయి గడ్డి మీద పడితే గొర్రె కంటే త్వరగా కూలేది మేకే. జాతాపు, కొండదొర, గదబ, సవర గూడేల చుట్టూ పోడు కొట్టి వదిలేసిన చెలకల్లో ఐదారేళ్ళపాటు పెరిగే పొదలు మేకలకు మంచి మేతగా ఉండేవి. మందలు చిన్నవి, మేత నేల విశాలం, ఒకేచోట పదేపదే మేయవలసిన అవసరం అంతగా లేదు. పొద్దుటి మంచు ఆరాక మందను తోలటం, చిత్తడి నేలల్లో మేపకపోవటం, రాత్రి దొడ్డిని అప్పుడప్పుడు చోటు మార్చి కట్టటం వంటి కాపరుల అలవాట్లకు వారు చెప్పుకునే కారణాలు వేరు కావచ్చు గాని, వాటి ఫలితం పిల్ల పురుగులు మేక నోట పడకపోవటమే.

ఈ పద్ధతికి పెద్ద ఎత్తున నిలిచిన ఉదాహరణ ఒడిశా దక్షిణ జిల్లాల్లోని గొల్లలు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ ప్రాంతాల్లో గంజాం మేక అన్న ఎత్తైన, పొడుగుకాళ్ళ జాతిని పెంచేది ప్రధానంగా ఈ సంచార గొల్లలే. ఎక్కువ దూరాలు నడిచే మంద తన పెంటికల మీద తానే మేయటానికి తిరిగి రాకముందే అక్కడి పిల్ల పురుగుల్లో చాలా భాగం నశిస్తుంది. ఆధునిక పాఠ్యగ్రంథాలు మేత మార్పిడి అని పిలుస్తున్న సూత్రం ఈ మందల నడకలో ఎవరూ పేరు పెట్టకుండానే అమలైంది.

సాలూరు మేకల విషయంలో పాలను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పాడి కోసం మేకలను పెంచే దేశాల్లో నట్టల మందుల చర్చ పాల చుట్టూ తిరుగుతుంది. మందు తాగించిన తర్వాత కొన్ని రోజులపాటు పాలు అమ్మకూడదన్న గడువులు, పాలిచ్చే మేకలకు అసలు అనుమతి లేని మందులు అక్కడి రైతును ప్రత్యామ్నాయాల వైపు నెట్టాయి. సాలూరు కొండల్లో చాలా తెగలకు పాలు పితికే అలవాటే ఉండేది కాదు; మైదానంలోనూ మేకపాలు పసిపిల్లలకు, జబ్బుపడినవారికి ఇచ్చే పథ్యంగానే మిగిలాయి. ఇక్కడి మేక మొక్కులకు, పెళ్ళి ఖర్చులకు, సంతలో చేతికందే రొక్కానికి ఆధారం. కాబట్టి పాలు తగ్గటం ద్వారా నట్టలు బయటపడే అవకాశం లేదు. పిల్ల ఎదగకపోవటం, సంతలో ధర పలకకపోవటం ద్వారానే నష్టం తెలిసేది, అదీ ఆలస్యంగా.

మందుల్లోకి వస్తే, కొండ అడవి ఇచ్చినవాటిలో మోదుగ గింజకు మొదటి స్థానం దక్కుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఎర్రగా పూసే మోదుగ చెట్టు ఎండాకాలంలో పల్చని కాయలను కాస్తుంది. కాయ చివర ఒక్కటే గింజ, బిళ్ళలా బల్లపరుపుగా, ఎర్రమట్టి రంగులో ఉంటుంది. గింజలను నీళ్ళలో నానబెట్టి, పైతోలు ఒలిచి, ఎండబెట్టి దంచిన పొడిని బెల్లంతో కలిపి మనుషులకూ పశువులకూ ఇచ్చేవారు. వాయువిడంగాలు రెండోవి; కొండవాలుల్లో పాకే తీగ గింజలైన వీటిని చరకసంహిత క్రిమిఘ్న ద్రవ్యాల్లో చేర్చింది. మూడోది వసంతగుండ. సిందూరి చెట్టు కాయల మీద అంటుకుని ఉండే ఎర్రని నూగును, కాయలను బుట్టలో వేసి కుదిపి రాల్చితే వచ్చే ఈ పొడి నీళ్ళలో కరగకుండా తేలుతుంది. పట్టుకు నారింజ రంగు అద్దే సరుకుగా దీనికి బజారు ఉండేది, బద్దె పురుగులకు మందుగా కూడా వాడేవారు. 1781 నుంచి 1793 దాకా గోదావరి ప్రాంతపు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగు నేల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించి, 1795 నుంచి సంపుటాలుగా వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో మోదుగనూ సిందూరినీ చేర్చాడు. 1864 నాటికి వసంతగుండ బ్రిటిష్ ఫార్మకోపియాలోకి బద్దె పురుగుల మందుగా ఎక్కింది. మన్యం నుంచి సంతకు దిగిన ఒక పొడి లండన్ వైద్యుల మందుల పట్టీలో చేరిన కాలంలో, అదే మన్యంలో పశువైద్యుడన్న ఉద్యోగమే లేదు.

నాలుగో మందు పొగాకు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో స్త్రీలు సైతం చుట్టను నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆచారం ప్రసిద్ధమే కనుక, ఈ ప్రాంతంలో పొగాకు లేని ఇల్లు అరుదు. అడవికి పోకుండా చేతికందే విరుగుడు అదే. కాడలనూ ఆకులనూ నానబెట్టిన కషాయంలోని నికోటిన్ పురుగు కండరాల్లోని ఒక గ్రాహకానికి అంటుకుని వాటిని బిగదీసి పక్షవాతం వచ్చినట్టు చేస్తుంది. 1960లలో వచ్చిన టెట్రామిసోల్, దాని నుంచి వేరు చేసిన లెవామిసోల్ కూడా పురుగులోని నికోటిన్ తరహా గ్రాహకాల మీదనే పనిచేస్తాయి. దేశీయ వైద్యానికి, కార్ఖానా మందుకు మధ్య ఊహించుకునే అగాధం ఈ ఒక్కచోటైనా అంత లోతుగా లేదు. తేడా అంతా మోతాదులో ఉంది: కషాయంలో నికోటిన్ ఎంత ఉందో ఎవరికీ తెలియదు, కొంచెం ఎక్కువైతే పురుగుకంటే ముందు మేకే వణికి పడిపోతుంది.

మందు పట్టే తీరు కూడా ఒక విద్యే. వెదురు గొట్టాన్ని ఒక చివర కణుపు వద్ద మూసి, మరో చివర ఏటవాలుగా కోసి, అంచులు గీకి నునుపు చేస్తారు. ఒకరు మేకను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి దవడ కొద్దిగా ఎత్తి పట్టుకుంటే, రెండోవారు ముందు పళ్ళకూ దౌడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉన్న చోట, నోటి పక్క నుంచి గొట్టం పెట్టి, మింగటం గమనిస్తూ కొద్దికొద్దిగా వంచుతారు. తల మరీ పైకెత్తినా, మేక అరుస్తున్నప్పుడు పోసినా మందు ఊపిరితిత్తుల్లోకి పోయి, పొలమారి, రెండు రోజుల్లో నెమ్ముతో చస్తుంది. ప్లాస్టిక్ సీసా, సిరంజి వచ్చాక కూడా ఈ పని మెళకువ మారలేదు.

ఈ మందులు ఎంతవరకు పనిచేశాయి అన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. వసంతగుండ ప్రధానంగా బద్దె పురుగులకూ, మోదుగ వాటితోపాటు మనుషుల పేగుల్లోని ఏలికపాములకూ పేరుపడ్డాయి, అంటే బయటపడినప్పుడు కంటికి కనిపించే పురుగులకు. రక్తం తాగే హీమాంకస్ మేకను కోసి నాలుగో పొట్ట చీల్చితే తప్ప కనబడదు. మందు వేసిన మరునాడు పెంటికల్లో ముక్కలు పడితే వైద్యం ఫలించినట్టు లెక్క. నాలుగో పొట్టలో ఎన్ని మిగిలాయో చూసే దారి లేదు. కాబట్టి పాత వైద్యం తక్కువ హాని చేసే పురుగు మీద ఎక్కువ నమ్మకంగా గురిపెట్టిందని భావించవలసి ఉంటుంది. మోదుగ గింజను ఆధునిక పద్ధతిలో పరీక్షించినప్పుడు మాత్రం అది పూర్తిగా తేలిపోలేదు. పాకిస్తాన్‌లో గొర్రెల మీద జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, కిలో బరువుకు 3 గ్రాముల చొప్పున పొడి ఇచ్చిన పదో రోజుకు గుడ్ల సంఖ్య 78.4 శాతం తగ్గింది. అయితే మంచి నట్టల మందు గుడ్లను 95 శాతానికి పైగా తగ్గించాలన్నది ప్రమాణం. పైగా 20 కిలోల జీవానికి 60 గ్రాముల గింజల పొడి పట్టటమంటే యాభై మేకల మందకు మూడు కిలోల పొడి కావాలి. మోదుగలోని పలాసోనిన్ అన్న పదార్థం పొక్కులు పుట్టించే కాంథారిడిన్‌కు దగ్గరి బంధువు కావటం వల్ల మోతాదు పెంచుకుంటూ పోవటానికీ వీల్లేదు.

ప్రభుత్వ పశువైద్యం ఈ రంగంలోకి చాలా ఆలస్యంగా, వేరే పని మీద వచ్చింది. పశువుల రోగాల విచారణకు హాలెన్ అధ్యక్షతన నియమించిన సంఘం 1871లో నివేదిక ఇచ్చినా, 1889లో పుణేలో బాక్టీరియాలజీ ప్రయోగశాల నెలకొని 1893లో ముక్తేశ్వర్‌కు మారినా, 1903లో మద్రాసు పశువైద్య కళాశాల మొదలైనా, వాటి వెనక ఉన్న భయం ఒక్కటే, దుక్కిటెద్దులను ఊళ్ళకు ఊళ్ళుగా ఊడ్చేసే ముసర వ్యాధి. మేక ఆ వైద్యంలో రోగిగా కాక పనిముట్టుగా చోటు సంపాదించింది: 1920లలో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అన్న శాస్త్రజ్ఞుడు మేకల ఒంట్లో ముసర వైరస్‌ను పెంచి, ఎద్దులకు పనికివచ్చే టీకా తయారుచేశాడు. నట్టలు మందను ఒక్కరాత్రిలో చంపవు, ఒకటొకటిగా చంపుతాయి. అందువల్ల అవి లెక్కలకెక్కలేదు. మద్రాసు కళాశాలలో ఎం. అనంతనారాయణరావు పశువుల ముక్కులో గురక రోగం కలిగించే రక్తపు జలగను 1933లో వర్ణించటం, 1935లో భాలేరావు భారతదేశపు పెంపుడు జంతువుల పురుగుల మీద గ్రంథం ప్రచురించటంతో పరాన్నజీవి శాస్త్రం ఇక్కడ నిలదొక్కుకుంది గాని, అది గూడెం చేరటానికి మరో తరం పట్టింది. అప్పట్లో పశువైద్య శాస్త్రం గుండ్రటి పురుగులకు సిఫారసు చేసినవి మైలుతుత్తం నీళ్ళు, నికోటిన్ సల్ఫేటు కలిపిన మిశ్రమాలు. అంటే పొగాకు కషాయానికి తూకం నేర్పిన రూపాలు.

స్వాతంత్ర్యం తర్వాత రెండు మార్పులు దాదాపు ఏకకాలంలో జరిగాయి, వాటిని విడివిడిగా చూడటం వల్లనే నట్టల సమస్య అర్థం కాకుండా పోతుంది. మొదటిది మేత నేల కుదించుకుపోవటం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో మేకలను శత్రువుల్లా చూసినా, సాలూరు చుట్టూ ఉన్న అడవులు చాలావరకు జమీందారీలవి కావటంతో దాని పట్టు పూర్తిగా బిగియలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, ఆ వెనక 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చాక ఆ అడవులు ప్రభుత్వ శాఖ చేతికి వచ్చాయి. 1990లలో వన సంరక్షణ సమితుల కింద మొక్కలు నాటిన చోట్ల మేకలకు నిషేధం పెట్టారు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) ప్రోత్సాహంతో పోడు మెట్టలు జీడిమామిడి తోటలుగా మారాయి. లేత తోటలో మేక అడుగుపెడితే తగువే. చెలకల పొదల్లో తిరిగిన మంద చెరువు గర్భాల్లోకి, గెడ్డ గట్లకు, రోడ్డు వారకు దిగింది. రెండోది ఇదే కాలంలో 1978 తర్వాత గ్రామీణాభివృద్ధి పథకాల కింద గొర్రెల, మేకల యూనిట్లు పంచటం. బయట సంతల్లో కొన్న జీవాలు కొత్త నేల మీదికి తమ పురుగులతో సహా వచ్చాయి. ఎత్తు మేత తగ్గి, నేల మేత పెరిగి, మంద పెద్దదైనప్పుడు నట్టలు పెరగటంలో ఆశ్చర్యం లేదు. ఆ పెరుగుదలకు జవాబుగా సీసా మందు వచ్చింది.

ఆ సీసా నిజంగా అద్భుతంగా పనిచేసింది, దీన్ని కాదనటం అన్యాయం. 1938లో ఫినోథయజిన్, 1961లో థయాబెండజోల్, 1966లో టెట్రామిసోల్, 1970లలో ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్, 1981లో ఐవర్‌మెక్టిన్ రంగంలోకి వచ్చాయి. చివరిదాన్ని వెలికితీసిన సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఒక్క మోతాదుతో దవడ కింది నీరు తీసి, వారంలో మేక లేచి మేతకు పోవటం చూసిన కాపరికి మోదుగ పొడి మీద మోజు నిలిచే అవకాశం లేదు. పశుసంవర్ధక శాఖ నట్టల నివారణ కార్యక్రమాల కింద ఊరూరా జీవాలన్నిటికీ ఉచితంగా మందు తాగించే పద్ధతి స్థిరపడింది.

లొంగుబాటు లేని పురుగులు ఈ విజయం లోపలే పుట్టాయి. మందుకు పురుగులన్నీ చావవు. పుట్టుకలోనే తట్టుకునే గుణమున్న కొన్ని మిగిలి, వాటి సంతానమే తర్వాతి తరం అవుతుంది. బెండజోల్ మందులు పురుగు కణాల్లోని ట్యూబులిన్ అన్న మాంసకృత్తును పట్టుకుని చంపుతాయి. ఆ మాంసకృత్తులో రెండువందలో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందుకు పట్టు దొరకదు. అమెరికాలోని కెంటకీలో 1957లోనే ఫినోథయజిన్‌కూ, 1964 నాటికి థయాబెండజోల్‌కూ లొంగని హీమాంకస్ బయటపడింది. భారతదేశంలో ఈ రెండు మందులకూ లొంగని పురుగులను గొర్రెల్లో గుర్తించిన తొలి నివేదిక 1976లో వెలువడింది. 2009లో న్యూజిలాండ్‌లో వచ్చిన మోనెపాంటెల్‌కు కూడా నాలుగేళ్ళు తిరక్కుండా అక్కడి ఒక క్షేత్రంలో తట్టుకునే పురుగులు తయారయ్యాయి, అదీ మేకలు పెంచే క్షేత్రంలో.

మేకలు ఈ కథలో పదేపదే ముందు రావటానికి కారణం ఉంది. తిక్త రసాలున్న ఆకులను తినటానికి అలవాటుపడిన మేక కార్జం గొర్రె కార్జం కంటే వేగంగా మందును విరిచి బయటికి పంపేస్తుంది. అందువల్ల చాలా మందుల విషయంలో గొర్రె మోతాదుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఇస్తేనే మేకకు సరిపోతుంది. లెవామిసోల్‌లో మాత్రం రెండు రెట్లకు పోతే విషమవుతుంది. మందుల సీసాల మీద ముద్రించిన మోతాదులు ఎక్కువగా గొర్రెల ప్రయోగాల నుంచి వచ్చినవి. తెలుగులో గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలనే అంటారు, శిబిరంలోనూ ఒకే సీసా, ఒకే కొలత రెంటికీ నడిచింది. దానికి తోడు బరువు కంటితో అంచనా వేయటం, పెద్ద పోతుకూ బక్క మేకకూ అదే మోతాదు పట్టటం జరిగాయి. చాలని మోతాదు పురుగుకు పాఠం చెప్పినట్టయింది. వానలకు ముందు, నేల మీద పిల్ల పురుగులు లేని ఎండల్లో మందంతటికీ ఒకేసారి మందు వేయటం మరో తప్పు. ఆ సమయంలో మందు తగలని పురుగులు బయట ఎక్కడా మిగలవు. వానలు పడ్డాక నేలను నింపే గుడ్లన్నీ మందుకు తట్టుకున్నవాటివే అవుతాయి. మందు సోకకుండా మిగిలే ఈ పురుగుల నిల్వను శాస్త్రజ్ఞులు రెఫ్యూజియా అంటారు. అది ఉంటేనే లొంగే గుణం తర్వాతి తరాల్లో పలచబడకుండా ఉంటుంది. నట్టలను మొత్తంగా తుడిచిపెట్టాలన్న సదుద్దేశమే ఆ నిల్వను ముందుగా తుడిచిపెట్టింది.

ప్రత్యామ్నాయాల అన్వేషణ ఈ స్థితిలో మొదలై రెండు దారుల్లో నడిచింది. ఒకటి మూలికల దారి. 1990లలో సాగరి రాందాస్, నిత్యా ఘోట్గే అన్న పశువైద్యులు నెలకొల్పిన ఆంత్ర సంస్థ ఆంధ్రప్రదేశ్ ఆదివాసి ప్రాంతాలతో సహా కాపరుల పశువైద్యాన్ని నమోదు చేసింది. జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా ఇటీవల ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు, వేపాకు, జీలకర్ర, కాకర, పసుపు, మిరియాలు, అరటిబోదె, తుమ్మి కలిపి బెల్లంతో ముద్ద చేసే నట్టల మందును ప్రచారం చేస్తోంది. వేప మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. తుమ్మ ఆకుల్లో, కాయల్లో ఉండే టానిన్ అన్న వగరు పదార్థం మీద మరింత ఆశ ఏర్పడింది. సాంద్ర టానిన్లు పురుగు చర్మానికి అంటుకుని గుడ్లు పెట్టటాన్ని తగ్గిస్తాయి, జీవానికి అందే మాంసకృత్తును కూడా కొంత పెంచుతాయి. మితిమీరితే మేత తినటం తగ్గుతుంది. సాలూరు మీదుగా కొండల నుంచి దిగిన కరక్కాయలు తోళ్ళు పదును పెట్టటానికి ఎగుమతి అయిందీ ఈ టానిన్ కోసమే, అయితే కరక్కాయది ఎక్కువగా నీటిలో విడిపోయే వేరే తరగతి. పరిశోధన మొగ్గు చూపింది తుమ్మ తరహా టానిన్ వైపు. గిరిజన సహకార సంస్థ డిపోల్లో కరక్కాయకు ధర ఉంది, మేకకు వగరు మేతగా పనికివచ్చే కొమ్మకు ధర లేదు, దాన్ని నరకటానికి అనుమతీ దొరకదు.

రెండో దారి ఎంపిక. దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్, గారెత్ బాత్, యాన్ వాన్ వైక్ 1990లలో రూపొందించిన ఫమాచా పద్ధతిలో ఐదు రంగుల పట్టికను కనురెప్ప లోపలి రంగుతో పోల్చి, పాలిపోయిన జీవాలకు మాత్రమే మందు పడతారు. మందలో ఉన్న నట్టల్లో అత్యధిక భాగం కొద్ది జీవాల్లోనే ఉంటాయన్న పరిశీలన దీనికి పునాది. మిగతావాటిని వదిలేస్తే రెఫ్యూజియా కూడా మిగులుతుంది. రక్తం తాగే పురుగుకు తప్ప ఇది పనికిరాదు, వానాకాలంలో రెండు వారాలకొకసారి ప్రతి మేక కన్నూ తిప్పి చూడాలి. పది ఇరవై మేకలున్న గూడెం ఇంటికి ఇది భారం కాదు. అసలు ఇప్పుడున్న ప్రత్యామ్నాయాల్లో సాలూరు సీమకు అన్నిటికంటే ఇమిడేది ఇదేనన్నా తప్పులేదు. మైలుతుత్తానికి వారసురాలైన రాగి ఆక్సైడు తీగముక్కల క్యాప్సూల్ హీమాంకస్‌ను తగ్గిస్తుంది గాని పేగు పురుగులను పెద్దగా తాకదు. రాగి విషాన్ని గొర్రె కంటే మేక బాగా తట్టుకోవటం ఒక సౌకర్యం. పెంటికల్లో వల పన్ని పిల్ల పురుగులను పట్టే డడ్డింగ్‌టోనియా బూజు 2018లోనూ, హీమాంకస్ పేగు మాంసకృత్తులతో చేసిన టీకా 2014లోనూ ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చాయి. ఆ టీకా గొర్రెలకు ఉద్దేశించింది, పైగా ఆరేసి వారాలకు మళ్ళీ వేయవలసినది.

ఏ దారి ఎంచుకున్నా సంత అడ్డు తగులుతుంది. మందుకు లొంగని పురుగు కొత్త మందలో చేరటానికి ప్రధాన మార్గం కొనుగోలు మేక. పొట్టంగి ఘాటీ దిగిన మేకలు, మైదానపు మందల్లోనివి ఒకే సంతలో కలిసి, లారీల మీద పదిచోట్లకు చెదిరే ప్రాంతంలో ప్రతి మందకూ ప్రతి మంద పురుగులూ అందుబాటులో ఉంటాయి. కొన్న మేకను రెండు వారాలపాటు విడిగా కట్టి, మందు వేసిన పది, పద్నాలుగు రోజులకు పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టించి, తగ్గాయని తేలాకే మందలో కలపాలని పశువైద్య శాస్త్రం చెబుతుంది. ఆ లెక్కకు వాడే మెక్‌మాస్టర్ గాజు పలకను 1939లో సిడ్నీలో గార్డన్, విట్‌లాక్ వర్ణించారు. పెంటికలను చిక్కని ఉప్పునీటిలో కలిపి వడగట్టి, తేలిన గుడ్లను గీతలు గీసిన పలక మీద సూక్ష్మదర్శినితో లెక్కిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఒక నమూనాకు పట్టేది కొద్ది నిమిషాలు, ఖర్చు ఉప్పుదే. శిబిరాల్లో మందు తాగించిన జీవాల సంఖ్యతోపాటు, తాగించాక గుడ్లు ఎంత తగ్గాయో కూడా ఊరివారీగా రాసిపెట్టే పద్ధతి ఉంటే, సాలూరు మండలంలో ఏ మందు ఇంకా పనిచేస్తోందో చెప్పటానికి ఊహలు అవసరమయ్యేవి కావు.